సోయి లేని వేళ్ళు

నా సర్వీసులో నేను రాసిన తిరస్కరణ ఉత్తరాలు ఎన్నో నాకే తెలియదు. వాటిలో ఒక్కదాని మీద అప్పీలు రాసింది కూడా నేనే. పదవీ విరమణ సభలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. "క్రమశిక్షణ గల ఉద్యోగి" అన్నారు. నేను తల వంచుకుని దండ వేయించుకున్నాను. ఇప్పుడు వేసేవాళ్ళూ లేరు, దాచుకోవలసిన అవసరమూ లేదు. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న మీకు ఆ సంగతి చెప్పాలనిపిస్తోంది.

ఎనభైల చివరి మాట. కార్మికుల బీమా వ్యవహారాలు చూసే ఒక చిన్న శాఖలో నేను గుమాస్తాని. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి యూసుఫ్‌గూడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. ఆఫీసు కూడా ఆ దగ్గర్లోనే, ఒక ఇంటి మేడ మీద. కింద ఇంటాయన పిండిమర నడిపేవాడు. మా ఫైళ్ళ మీద ఎప్పుడూ సన్నగా పిండి పరుచుకుని ఉండేది. సినిమా వాళ్ళు మద్రాసు వదిలి ఇటు వస్తున్న రోజులవి. ఫిల్మ్ నగర్ వైపు బండరాళ్ళు పగలగొట్టి స్టూడియోలు, ల్యాబులు కడుతున్నారు. అక్కడ పనిచేసేవాళ్ళ జబ్బులు, గాయాలు మా మేడ మెట్లెక్కి వచ్చేవి.

పద్ధతి ఇదీ. పని వల్ల ఒంట్లో శాశ్వతంగా ఏదైనా లోపం ఏర్పడితే కార్మికుడు మా దగ్గర దరఖాస్తు పెడతాడు. మేము ఫారం నింపి మెడికల్ బోర్డుకు పంపుతాం. బోర్డు పరీక్షించి వైకల్యం ఇంత శాతం అని రాస్తుంది. దాన్నిబట్టి నెలనెలా పింఛను. సున్నా అని రాస్తే, పింఛను లేదని మేము ఉత్తరం పంపుతాం. ఆ ఉత్తరం ఇంగ్లీషులో మూడే మూడు వాక్యాలు. వాటిని దిద్ది దిద్ది నునుపు చేశాను. అందులో ఒక్క కామా కూడా దండగ కాదని మా సూపరింటెండెంటుగారు మెచ్చుకునేవారు. ఆయన పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. మంచివాడే, కానీ భయస్థుడు. రిటైరవడానికి రెండేళ్ళుంది. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్నీ అది తనని కరుస్తుందేమో అన్నట్టు చూసేవారు.

ఒక వేసవి ఉదయం షేక్‌పేట నుంచి ఒకామె వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఫిల్మ్ నగర్‌లో ఒక ల్యాబులో ఫిల్ము తుడిచే పని చేసేది. పైటకొంగులో మడిచి తెచ్చిన కవరు నా బల్ల మీద పెట్టింది.

"సారూ, గీ కాయితం రెండు నెలల సంది మా ల్యాబు గేటు కాడ పడి ఉన్నదంట. నిన్న చేతికిచ్చిండ్రు. గిండ్ల ఏం రాసిండ్రో జర చెప్పుండ్రి."

నా ఉత్తరమే. చదవకుండానే తెలుసు.

"బోర్డు వాళ్ళు మిమ్మల్ని పరీక్ష చేశారమ్మా. వైకల్యం లేదని రాశారు. అందుకని పింఛను రాదు."

"లేదంటే?"

"అంటే, మీ చేతులు బాగానే ఉన్నాయని."

ఆమె రెండు చేతులూ నా బల్ల మీద పరిచింది. "బాగనే ఉన్నయి సారూ. పది వేళ్ళున్నయి. గా డాక్టర్లు గూడ గిట్లనే లెక్కవెట్టిండ్రు. ఒక్క వేలికి గూడ సోయి లేదు. గది మాత్రం ఎవ్వలడగలే."

మేము అలవాటుగా చెప్పే మాటే చెప్పాను. "బోర్డు నిర్ణయం అమ్మా. మా చేతుల్లో ఏమీ లేదు." ఆమె చేతులు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. నేను కిటికీ వైపు చూశాను.

అప్పుడే మా టైపిస్టు పైకి వచ్చింది. ఆమె చేతిలో ఒక రబ్బరు చెప్పు. "ఎవరిదండీ ఇది? మెట్ల మధ్యలో పడి ఉంది. కాలు వేసి ఉంటే జారిపడేదాన్ని."

అందరం కాళ్ళు చూసుకున్నాం. అందరికంటే ఆఖరున ఆ షేక్‌పేట ఆమె చూసుకుంది. ఆమె ఎడమ కాలికి చెప్పు లేదు.

"నాదే అమ్మా. యాడ ఊడిందో ఏమో," అంది. సిగ్గు లేదు, ఆశ్చర్యం లేదు. రోజూ జరిగేదే అన్నట్టు చెప్పు తీసుకుని, వంగి, కాలిని కళ్ళతో చూసుకుంటూ తొడుక్కుంది.

నటించేవాళ్ళు మన ఎదురుగా నటిస్తారు. ఎవరూ చూడని మెట్ల మీద చెప్పు వదిలి, ఎండకు కాలిన సిమెంటు మీద ఒంటికాలి చెప్పుతో నడిచి వచ్చి, ఆ సంగతి తనకే తెలియకుండా కూర్చోవడం నటన కాదు.

"కాళ్ళు కూడానా?" అన్నాను.

"కాళ్ళే ముందుగాల పోయినయి. తర్వాత చేతులు. గదంత కాయితంల రాపిచ్చిన కద సారూ?"

ఆమెను వారం ఆగి రమ్మని పంపి ఫైలు తీశాను. అన్నిటికన్నా వెనక, గుండుసూదితో గుచ్చి, రెండు కాగితాల తెలుగు ఉత్తరం ఉంది. ఆమె చెబుతుంటే పక్కింటివాళ్ళెవరో రాసినది. గుచ్చింది నేనే. తెలుగులో ఉంది, పొడుగ్గా ఉంది, ఏ ఫారానికీ చెందదు. అందుకని బోర్డుకు పంపలేదు. ఇప్పుడు చదివాను. ఏడేళ్ళు ఫిల్ము తుడిచే మందులో గుడ్డ ముంచి వట్టి చేతులతో తుడిచానని, దుమ్ము పడకూడదని గదికి కిటికీలు పెట్టలేదని, మొదట అరికాళ్ళు తిమ్మిరెక్కి తర్వాత వేళ్ళు మొద్దుబారాయని, ఫిల్ము మీద గీతలు పడుతున్నాయని పనిలోంచి తీసేశారని అందులో ఉంది.

దాని ముందు నేను నింపిన ఫారం. ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు తెల్ల ఫారం, పని వల్ల జబ్బు పడ్డవాళ్ళకు పసుపు ఫారం. ఆ నెల పసుపు ఫారాలు అయిపోయాయి. తెప్పించడానికి ఇండెంటు పెట్టాలి, పదిహేను రోజులు పడుతుంది. పని ఆగకూడదని తెల్లదాని మీదే నింపేశాను. "గాయం ఎక్కడ?" అన్న చోట "రెండు చేతులు" అని రాశాను. బోర్డు వాళ్ళు చేతులకు గాయం వెతికారు. కనబడలేదు. సున్నా వేశారు. నేను తప్పు ప్రశ్న అడిగాను, వాళ్ళు దానికి సరైన జవాబే ఇచ్చారు.

సూపరింటెండెంటుగారి ముందు నేను నింపిన తెల్ల ఫారం, పక్కన ఖాళీ పసుపు ఫారం పెట్టి చెప్పాను.  ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు.

"అరె భాయ్, బోర్డు ఫైసలా అయిపోయినంక మనం మళ్ళ పంపనీకి రూలు లేదు. ఆమె ట్రిబ్యునల్‌కు అప్పీలుకు పోవాలె. మూడు నెలల గడువు. రెండు నెలలు గేటు కాడనే పోయినయి."

"మన తప్పని పై ఆఫీసుకు రాస్తేనో?"

"రాస్తే నీకొక మెమో, నాకొక మెమో. నీది ప్రమోషన్ లిస్టు, నాది పింఛను. జర సోంచాయించు. పాపం ఆమెకు అప్పీలు పెట్టుకోమని చెప్పు. మన డ్యూటీ అంతే."

ఆయన్ని తప్పు పట్టను. నాలుగు రోజులపాటు నేను కూడా ఆ మాట వెనకే దాక్కున్నాను. అప్పీలు పెట్టుకోమని చెబితే చాలుననుకున్నాను. ఇంగ్లీషులో వచ్చిన మూడు వాక్యాలు చదువుకోలేని మనిషి, ఏ ఫారం తప్పో తెలియని మనిషి, ఏమని పెట్టుకుంటుంది? అయిదో రోజు వేరొకరికి తిరస్కరణ ఉత్తరం రాయబోతూ "బోర్డు మిమ్మల్ని పరీక్షించి" అన్న చోట కలం ఆగిపోయింది. ఆ మూడు వాక్యాలు నిద్రలోనైనా రాయగలిగేవాణ్ణి, ఆ రోజు రాయలేకపోయాను.

వారం తర్వాత ఆమె వచ్చినప్పుడు ఆఫీసులో మాట్లాడకుండా కిందికి, పిండిమర పక్కకు తీసుకెళ్ళాను. మర చప్పుడులో ఎవరికీ వినబడదని. "అమ్మా, తప్పు బోర్డుది కాదు, నాది," అని మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే నాకు కొంత తేలికయ్యేది.

ఆమె తిట్టలేదు. "ఏడేండ్లు పనిచేసిన జాగల ఒక్కలు గూడ గీ మాట అనలే సారూ. అందరు నీ చేతులే మంచిగ లేవన్నరు." తర్వాత అంది: "ఇప్పుడేం జెయ్యాలె, చెప్పుండ్రి."

చెయ్యవలసినవి రెండు. జబ్బు నిజమని ఒక డాక్టరు రాయాలి. అది పని వల్లే వచ్చిందని ఆ పని తెలిసిన మనిషి రాయాలి.

నరాల డాక్టరు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికాడు. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. మూడుసార్లు తిప్పించి, నాలుగోసారి లోపలికి పిలిచారు. కుర్ర డాక్టరు. ఆమెను కళ్ళు మూసుకోమని వేలి కొసల మీద సూదితో గుచ్చుతూ, "గుచ్చినప్పుడు చెప్పమ్మా," అన్నాడు. ఒకటి, రెండు, అయిదు వేళ్ళు. ఆమె అలాగే కూర్చుంది. చివరికి విసుగ్గా అంది: "ఎప్పుడు గుచ్చుతరు సారూ?"

డాక్టరు సూది పక్కన పెట్టాడు. తర్వాత యంత్రం మీద నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. ఆ కాగితం మీద గీతలు నాకు అర్థం కాలేదు గానీ, అతని ముఖం అర్థమైంది. "ఏం పని చేస్తుందీవిడ? ఆ మందు ఏమిటో కనుక్కోండి. ఇంకెవరైనా ఉన్నారా ఆ గదిలో?" అన్నాడు.

ఆ ప్రశ్న నేనూ అడగలేదు, మా ఆఫీసూ అడగలేదు. మర్నాడే ఫిల్మ్ నగర్ వెళ్ళాను. దరఖాస్తు విషయంలో పనిచేసే చోటు చూడాలని గేటులో చెప్పాను. సగం నిజం. మేనేజరు ఊళ్ళో లేడు. లోపల పొడుగాటి గది, కింది నుంచి దీపం వెలిగే గాజు బల్లలు, తెల్లగుడ్డలు, గిన్నెల్లో నీళ్ళలాంటి మందు. పెట్రోలు వాసనకు కాస్త తీపి కలిసినట్టుంది. పది నిమిషాలకే నాకు తల తేలిపోయింది. నలుగురు ఆడవాళ్ళు వంగి పని చేస్తున్నారు. వాళ్ళకు పెద్ద ఒకావిడ, నడివయసు దాటిన మనిషి, తెనాలి వైపు నుంచి వచ్చి చాలాకాలం మద్రాసులో పనిచేసి ఇక్కడికొచ్చారు.

సంగతి చెప్పగానే ఆవిడ చెయ్యి ఆగింది. "అది మా అందరిలోకీ మంచి పనిమంతురాలండీ. ఫిల్ముకు ఒక పక్క నునుపు, ఒక పక్క పూత ఉంటుంది. తెలియకపోతే పెదవికి తాకించుకుని చూసుకుంటాం, పూత పక్క అంటుకుంటుంది. దానికి ఆ అవసరం ఉండేది కాదు, వేలితోనే చెప్పేసేది. అలాంటి పిల్ల రీలంతా తిరగేసి పూత పక్క తుడిచిందంటే, నేను నమ్మలేదండీ. నిద్రమత్తు అనుకున్నాను. నేనే కేకలేశాను."

"ఈ మాట రాసి ఇస్తారా?"

ఆవిడ గది తలుపు వైపు చూశారు. "నాకు ఇంకెక్కడా పని దొరకదండీ ఈ వయసులో. మేనేజరుకు తెలిస్తే..."

బలవంతం చేసే హక్కు నాకెక్కడిది? నాలుగు రోజులు దాక్కున్న మనిషిని. సరేనని లేచాను. తలుపు దాకా వచ్చాక ఆవిడ వెనక నుంచి పిలిచారు.

"ఏమండీ, ముందు అరికాళ్ళు తిమ్మిరెక్కాయని రాయించింది కదూ?"

"అవునండీ."

"ఎన్నాళ్ళకు చేతులకొచ్చిందట?"

అప్పుడు చూశాను. ఆవిడ నిలబడి ఒక పాదంతో రెండో పాదాన్ని రుద్దుకుంటున్నారు.

నేను ఏమీ చెప్పకముందే ఆవిడ బల్ల సొరుగు లాగి తెల్లకాగితం తీశారు. ఒకటిన్నర పేజీ రాశారు. మందు డబ్బా మీద పేరు కూడా ఎక్కించారు. ఆవిడ సంతకం కింద మిగతా ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఎవరూ వాళ్ళని అడగలేదు.

అప్పీలు నేనే రాశాను. ఈసారి తెలుగులో. మూడు వాక్యాలకు అలవాటు పడ్డ చెయ్యి ఆరు పేజీలు రాసింది. మా టైపిస్టు చూసి, "మీ అక్షరాలు ట్రిబ్యునల్‌లో అందరూ గుర్తుపడతారండీ. టైపు చేసిస్తాను, ఇవ్వండి," అంది. కానీ మా మిషను అక్షరాలు అంతకంటే బాగా గుర్తుపడతారు. ఉన్నదున్నట్టే, గడువు రెండు రోజులుందనగా షేక్‌పేట ఆమె చేత దాఖలు చేయించాను. ఎవరు రాశారని అడిగితే చెప్పొద్దని మాత్రం అన్నాను. అదీ నా ధైర్యం.

విచారణ వానాకాలంలో వచ్చింది. ఆఫీసు తరఫున ఫైలు పట్టుకుని సూపరింటెండెంటుగారు వెళ్ళాలి. ముందురోజు సాయంత్రం ఆయన నన్ను పిలిచి, ఒంట్లో నలతగా ఉందని, రేపు నువ్వు పొమ్మని ఫైలు నా చేతిలో పెట్టారు. ఆయన ఒంట్లో ఏ నలతా కనబడలేదు. ఇబ్బంది తప్పించుకుంటున్నారని మనసులో కొంచెం కోపగించుకున్నాను. అలా నేను రాసిన అప్పీలుకు ఎదురువైపు కుర్చీలో నేనే కూర్చున్నాను.

ట్రిబ్యునల్‌లో ఇద్దరు. అధ్యక్షుడు రిటైరైన జడ్జి, పక్కన ఒక పెద్ద డాక్టరు. ఆమె ఎదురుగా నిలబడింది. వెంట ల్యాబు పెద్దావిడ, సెలవు పెట్టి వచ్చారు. జడ్జిగారు అప్పీలు ఆరు పేజీలూ చదివారు. మా ఫైలు అడిగి తీసుకుని తిరగేశారు. ఒక చోట ఆగి, అప్పీలును దాని పక్కన పెట్టి చూశారు.

"ఈ అప్పీలు ఎవరు రాశారమ్మా?"

ఆమె మాట ఇచ్చింది కనుక నేల వైపు చూస్తూ నిలబడింది. నా వైపు పొరపాటున కూడా చూడలేదు.

"అడిగేది నిన్నే. చెప్పకపోతే దీని మీద అనుమానం వస్తుంది."

"నా బాధనే సారూ. నేనే చెప్పుకున్న."

"రాసిందెవరు?"

ఆమె పెదవి కొరుక్కుంది. అక్కడ అబద్ధం చెబితే ఆమె కేసు పోతుంది, నిజం చెబితే నా ఉద్యోగం మీదికి వస్తుంది. నాకోసం ఆమె కేసును పణంగా పెడుతోందని అర్థమయ్యాక ఇంకెలా కూర్చుంటాను? లేచాను. 

"నేనండి. తప్పు ఫారం నింపింది నేను. ఆమె ఉత్తరం బోర్డుకు పంపనిది నేను. అప్పీలు రాసిందీ నేనే."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "మీరు ఆఫీసు తరఫున వచ్చారు కదా?"

"అవునండి."

"మరి మీ ఆఫీసు ఏమంటుంది?"

 ఆయన ఫైలు నా వైపు తిప్పి చివరి కాగితం మీద వేలు పెట్టారు. "మీ ఆఫీసు ఏమంటుందో ఇక్కడుంది. మీరు చదివినట్టు లేరు."

ముందురోజు తారీఖుతో సూపరింటెండెంటుగారి నోటు. స్టాకు లేనందున ఈ కార్యాలయం తప్పు ఫారం పంపిందని, కేసును తిరిగి పరిశీలించడానికి ఈ కార్యాలయానికి అభ్యంతరం లేదని, బాధ్యత తనదని. కింద ఆయన పూర్తి సంతకం. కాగితాలకు భయపడే మనిషి సంతకం.

పెద్ద డాక్టరు నరాల పరీక్ష కాగితం చదివి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తానే చేతులూ కాళ్ళూ చూశారు. పెద్దావిడ ఆ గది గురించి, మందు గురించి చెప్పారు. తొణకలేదు. "తనని తీసేశాక ఆ బల్ల దగ్గర నన్నే కూర్చోబెట్టారండీ," అన్నప్పుడు మాత్రం వంగి పాదం రుద్దుకున్నారు. బోర్డు నిర్ణయాన్ని పక్కన పెట్టి, పని వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంటూ ట్రిబ్యునల్ ఆ నెలలోనే ఉత్తర్వు ఇచ్చింది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ పింఛను ఇమ్మంది. ల్యాబును తనిఖీ చేయించమని ఇంకో వాక్యం కూడా ఉంది. ఆ వాక్యం వల్ల ఆ గదికి గాలి బయటకు తోసే పంకాలు వచ్చాయి, మందు మారింది, చేతి తొడుగులు వచ్చాయి. పెద్దావిడను వేరే విభాగానికి మార్చారు. ఏడాది తిరిగేసరికి పాదాలకు స్పర్శ తిరిగి వచ్చిందని ఆవిడే చెప్పి పంపారు.

నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ మూడేళ్ళు వెనక్కి పోయింది. సూపరింటెండెంటుగారికీ ఒక మెమో వచ్చింది గానీ పింఛను చెడలేదు. ఆయనకు కృతజ్ఞత చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నేను రాసింది ఆఫీసు నోటు, రూల్ ప్రకారం. నువ్వు రాసింది అప్పీలు, రూల్‌కు ఖిలాఫ్. మనిద్దరిని ఒక్క గాటన కట్టకు."

ఆమెను ల్యాబు వాళ్ళు మళ్ళీ తీసుకున్నారు. చేతి పని కాదు. ప్రింట్లను తెర మీద వేసి తప్పులు పట్టే పని. ఆమె కళ్ళకు ఏమీ కాలేదు కదా.

ఇక మొదటి పింఛను కాగితాలప్పుడు జరిగిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. సంతకం చెయ్యమంటే ఆమె కలం పట్టుకుంది. కలం వేళ్ళ మధ్య ఉందో లేదో ఆమెకు తెలియదు. అది జారి బల్ల కింద పడింది. రెండోసారీ పడింది. వెనక ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. నేను సిరాదిండు ముందుకు జరిపి, "వేలిముద్ర వేసేయమ్మా, నడుస్తుంది," అన్నాను.

"ఏలిముద్ర ఎయ్య సారూ. ఏడో తరగతి దాంక సదివిన."

కలాన్ని మళ్ళీ తీసి, వేళ్ళను ఒక్కొక్కటిగా కళ్ళతో చూసుకుంటూ దాని చుట్టూ అమర్చుకుంది. తల బాగా వంచి, కాగితం మీద పాళీ ఎటు పోతోందో చూసుకుంటూ, ఒక్కో అక్షరం దగ్గర ఆగి పేరు రాయడం మొదలుపెట్టింది. వరసలో ఎవరో తొందరపెట్టబోతే, ఆమె వెనకున్న ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.  చివరి అక్షరానికి కొమ్ము పెట్టి, కాగితం నా వైపు తిప్పి, "చూడుండ్రి సారూ, సక్కగ ఉన్నదా?" అంది.

"చక్కగా ఉందమ్మా," అని ముద్ర వేశాను.